భద్రంగా ఉంచండి

నల్ల కవరు కనిపెట్టినవాడు ఎవడో నాకు తెలియదు. దొరికితే వాడి తలను ఆ కవర్లోనే పెట్టి మూతి బిగించేవాణ్ణి.

మందుల షాపులో జ్వరం మాత్రలు తెల్ల కవర్లో ఇస్తారు. ఆడపిల్ల ప్యాడ్లు అడిగితే ముందు పాత పేపరు చుడతారు. దాన్ని నల్ల కవర్లో వేస్తారు. అటూ ఇటూ చూసి చేతిలో పెడతారు. ఆ పిల్ల రోడ్డు దాటేలోపు లోపల ఏముందో బజారంతటికీ తెలిసిపోతుంది. దాచడానికి వేసిన కవరే టముకు వేస్తుంది. అయినా ఎవరూ మానరు.

నా పేరు జకరయ్య. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. తూరుపుపాలెం అడ్డరోడ్డు దగ్గర ఎస్తేరు మెడికల్స్ నాది. గోడకున్న లైసెన్సు మీద వేరే అతని పేరుంటుంది. మా వైపు చాలా షాపులు అంతే. ఎస్తేరు నా భార్య. ఆమెది రెండో పెళ్ళి. మొదటి భర్త లారీ నడిపేవాడు. అతను పోతూ ఇచ్చిన హెచ్‌ఐవి ఆమె ఒంట్లో ఉందని మా ఇద్దరికీ తెలియదు. ఒళ్ళు తగ్గిపోతుంటే అనుమానం వచ్చి పెద్దాసుపత్రికి వెళ్ళింది. రక్తం తీసే గది బయట గోడంత బోర్డు, హెచ్‌ఐవి పరీక్ష కేంద్రమని. బోర్డు కింద బెంచీ మీద మా పేట మనుషులు. వెనక్కి వచ్చేసింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చేసింది. చివరికి రక్తం ఇచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఆ జబ్బుకు మందులున్నాయి. రోజూ వేసుకుంటే మనిషి బతుకుతాడు. మా ఆవిడ జబ్బుతో పోలేదు, ఆ బోర్డుతో పోయింది. నాకు సోకలేదు. అది నా అదృష్టమన్నవాళ్ళతో మాటలు మానేశాను.

అందుకే పచ్చబిళ్ళ వచ్చినప్పుడు మా జిల్లాలో దాన్ని ముందు అడిగి తెచ్చుకున్నది నేనే.

*

హైదరాబాదులో దాన్ని తయారుచేసిన ప్రయోగశాలకు షాపులవాళ్ళను బస్సులో తీసుకెళ్ళారు. తలుపు తీయగానే కళ్ళు మూసుకుపోయేంత వెలుతురు. పైకప్పు నిండా తెల్ల లైట్లు. పొడుగాటి బల్లల మీద వందల గాజు బిళ్ళలు, ఒక్కొక్కటీ బొట్టుబిళ్ళంత. ప్రతిదాని లోపలా పచ్చటి చుక్క.

"ఇది నాచండీ," అంది డాక్టర్ వసుంధర. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఆ నాచును పెంచింది ఆమే. "మీ ఊరి కాలవలో ఉండేదే. మేం కొంచెం మార్చాం. బిళ్ళకు చిన్న రంధ్రం ఉంది, అక్కడ ఉమ్మి చుక్క వేస్తే లోపలికి పీల్చుకుంటుంది. అందులో వైరస్ జాడ ఉంటే ఎర్రబడుతుంది. లేకపోతే పచ్చగానే ఉంటుంది. సూది లేదు, రక్తం లేదు. అమ్మాయి మీ షాపులో కొనుక్కుని ఇంటికెళ్ళి తనే చూసుకుంటుంది. ఎర్రబడితే ఆసుపత్రికి వెళ్ళి రూఢి చేసుకుంటుంది."

"ఫ్రిజ్జులో పెట్టాలా?" వెనకనుంచి ఎవరో అడిగారు.

ఆమె నవ్వింది. కన్నబిడ్డ గురించి అడిగినట్టు నవ్వింది. "అక్కర్లేదు. దీన్ని చంపడం కష్టం. మీ షాపు అల్మారాలో ఏడాది పడేసినా చావదు. చీకట్లో నిద్రపోతుంది. వెలుతురు తగలగానే లేస్తుంది."

చప్పట్లు కొట్టాం. ఆ మాట ఆ గదిలో అందరూ విన్నారు. ఆమె ఒక బిళ్ళలో వైరస్ జాడ కలిపిన నీళ్ళ చుక్క వేసి బల్ల మీద పెట్టింది. మేం టీ తాగి వచ్చేసరికి చుక్క పండుమిరపకాయలా ఉంది.

తర్వాత అమ్మకాలు చూసే పార్థసారథి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని మనిషి. ఒక సంచి పైకెత్తి చూపించాడు. నల్లటిది. మందపాటి గుడ్డ, లోపల ఇంకో పొర, పైన జిప్పు.

"అమ్మాయిల్ని అడిగామండీ, మీకేం కావాలని. గోప్యత కావాలన్నారు. అందుకే ప్రతి బిళ్ళకీ ఈ సంచి ఉచితం."

సంచి మీద బంగారు రంగు అక్షరాలు: పరీక్ష తర్వాత భద్రంగా ఉంచండి.

*

కెజియా మా ఆవిడ అక్క కూతురు. అడ్డరోడ్డు వెనక నూలు మిల్లులో పని, మిల్లు హాస్టల్లో ఉండేది. రాహేలు దాని జతగత్తె. రాహేలుకు పెళ్ళయింది, హాస్టల్ పక్క కాలనీలో కాపురం, అప్పటికి నిండు పొట్ట. మూడో నెలలో ఆరోగ్య కేంద్రంలో రక్తం చూస్తే ఏమీ లేదన్నారు. ఒకరోజు షిఫ్టు దిగి ఇద్దరూ షాపుకొచ్చారు. తల నిండా దూది నలుసులు.

"బాబాయ్, అది ఉందా?" అంది కెజియా.

"ఏది?"

"అదే బాబాయ్. పచ్చది."

"పచ్చదంటే? పచ్చిమిరపకాయా?"

రాహేలు కిసుక్కున నవ్వింది. "పెళ్ళికూతురు సిగ్గుపడుతుంటే ఆడుకుంటావేంది బాబాయ్?"

"నువ్వు నోరు ముయ్యవే! నాకు గాదు బాబాయ్, దీనికి."

"నాకెందుకే? నాకు మొగుడున్నాడు."

"అందుకే నీకు కావాలి," అన్నాను.

రాహేలు నవ్వు ఆగిపోయింది. దాని మొగుడు గ్రానైటు లారీ మీద నెలకు సగం రోజులు రోడ్ల మీదే ఉంటాడు.

రెండు బిళ్ళలు సంచుల్లోంచి తీసి గాజు బల్ల మీద పెట్టాను. తేలును చూసినట్టు ఇద్దరూ వెనక్కి జరిగారు.

"సంచిలో పెట్టియ్యి బాబాయ్! ఎవరన్నా చూస్తే?"

"చూస్తే చూడనీ. దొంగసొత్తా?"

"నీకేం, మొగోడివి," అంది కెజియా. తనే రెండిటినీ సంచుల్లోకి తోసి, జిప్పులు లాగి, లంచ్ డబ్బా కింద దూర్చింది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. పచ్చ. రాహేలుది కూడా పచ్చ. కెజియా మొహం వెలిగిపోతోంది.

"ఇంకోటి ఇయ్యి బాబాయ్. దావీదు చేత చూపించాలి."

దావీదు అది చేసుకోబోయే పిల్లాడు, టిప్పరు డ్రైవరు. పెళ్ళికొడుకును ఉమ్మెయ్యమని అడిగే పిల్లను నేను అంతవరకూ చూడలేదు. వాడు నవ్వి, వెక్కిరించి, చివరికి ఉమ్మేశాడట. అదీ పచ్చే. పెళ్ళయింది. చర్చిలో దండలు మార్చుకునేటప్పుడు కెజియా నా వైపు చూసింది. పిన్నికి జరిగింది నాకు జరగదు బాబాయ్ అన్నట్టు చూసింది.

పిల్ల చెయ్యాల్సిందంతా చేసింది. ఇది చదివేవాళ్ళు ఆ మాట గుర్తుపెట్టుకోండి.

*

ఆ ఏడు మా మండలంలో బిళ్ళలు వేలల్లో పోయాయి. ఒక్కటి ఎర్రబడలేదు. ఒక్కటి కూడా. ఎవరికైనా అనుమానం రావాలి కదా! రాలేదు. పండగ వచ్చింది. కల్యాణమండపంలో షామియానా వేశారు. స్టేజీ వెనక మనిషంత సున్నా పూలతో కట్టారు. పార్థసారథికి శాలువా, అధికారులకు శాలువాలు, షాపులవాళ్ళకు ప్లాస్టిక్ జ్ఞాపికలు. వసుంధర స్టేజీ మీద ఏడ్చింది, సంతోషం పట్టలేక.

సున్నా చూసి పైనుంచి ఉత్తర్వు దిగింది. కడుపుతో ఉన్నవాళ్ళకు ఆరోగ్య కేంద్రంలో తీసే రక్తపరీక్షల్లో హెచ్‌ఐవిది తీసేశారు. పచ్చబిళ్ళ తెచ్చి చూపిస్తే చాలు. అందుకని పిల్లలందరూ పాత బిళ్ళలను సంచుల్లోనే పదిలంగా దాచుకున్నారు. నర్సు జిప్పు తీస్తుంది, తొంగి చూస్తుంది, పచ్చ అంటుంది, మూసేస్తుంది.

ఆ సున్నా ఏడాదిలోనే రాహేలు కొడుకు పోయాడు. పాలు తాగే పిల్లాడు. దగ్గు, ఆయాసం, ఒంటి మీద కండ లేదు. న్యుమోనియా అన్నారు డాక్టర్లు. తల్లి పాలు మంచివి కావంది అత్తగారు. రాహేలు ఎవరికీ ఎదురు చెప్పలేదు. మిల్లుకొచ్చి పని చేసుకుని పోయేది. షాపు ముందునుంచి పోతూ నన్ను చూసి నవ్వడం మానేసింది.

తర్వాత కొన్ని నెలలకు కెజియా మిట్టమధ్యాహ్నం వచ్చింది. ఆరో నెల. ఎండకు మొహం కందిపోయింది. బల్ల మీద చేతులు పెట్టి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బాబాయ్, బిళ్ళ అబద్ధం చెప్పిద్దా?"

"ఏమైంది?"

"దావీదుకు టీబీ అన్నారు. దాంతోపాటు ఆ రక్తం గూడా చూశారంట." బల్ల అంచు పట్టుకుంది. "ఉందంట బాబాయ్. శానా ఏళ్ళ నుంచీ ఉందంట. మరి పచ్చగా ఎట్టా వచ్చింది? నాది గూడా పచ్చేగా. నేను నమ్మాలా వద్దా?"

నేను వసుంధరకు ఫోన్ చేశాను. అసాధ్యం అంది. పరీక్షల్లో ఒక్కటి కూడా తప్పలేదంది. "అయితే వచ్చి ఆ మాట ఈ పిల్ల మొహం మీద చెప్పండి," అన్నాను. మర్నాడు కారులో వచ్చింది.

*

షాపులో నేను, వసుంధర, కెజియా. కెజియా ట్రంకుపెట్టెలోంచి తన సంచి తెచ్చింది.

"కొత్త బిళ్ళ ఇస్తానమ్మా," అంది వసుంధర. "ఇంట్లో ఎలా చేశావో అలాగే చేసి చూపించు. ఏదీ మార్చకు."

కెజియా బిళ్ళ మీద ఉమ్మింది. సంచిలో వేసింది. జిప్పు లాగింది. అటూ ఇటూ చూసింది, ఎవరూ లేకపోయినా. అల్మారా కింది అరలో గోనెపట్టా ఎత్తి దాని అడుగున పెట్టింది.

"ఇంతే మేడం. పొద్దున్నే తీసి చూశా. పచ్చ."

వసుంధర గోనెపట్టా వైపే చూస్తూ ఉండిపోయింది.

"సంచిలో ఎందుకు పెట్టావమ్మా?"

"మరి? మీరే రాశారుగా. భద్రంగా ఉంచమని."

"భద్రంగా అంటే... ఆ మాట నేనే రాశాను. కదపకుండా, దొర్లిపోకుండా, బల్ల మీద..."

"మా ఇళ్ళల్లో బల్లలుండవు మేడం," అంది కెజియా. "భద్రంగా అంటే ట్రంకుపెట్టెలో, బట్టల అడుగున. మా అమ్మ కమ్మలు అక్కడే పెడుద్ది."

ప్రయోగశాలలో ఆ లైట్లు ఎప్పుడూ ఆర్పరు. పరీక్షకు పిలిచిన అమ్మాయిలందరూ ఆ బల్లల మీదే బిళ్ళలు పెట్టారు. సంచి తర్వాత వచ్చింది, అమ్మకాలవాళ్ళ దగ్గర్నుంచి; ఆమె రాసిన మాటను దాని మీదికి ఎక్కించింది వాళ్ళే. సంచితో కలిపి ఎవరూ చూడలేదు.

"ఎర్రబడటానికి దానికి వెలుతురు కావాలి," అంది వసుంధర. "నిద్రపోతే జాడ పట్టుకుంటుంది గానీ రంగు తిరగదు."

"అంటే?"

"చీకట్లో ఎవరిదైనా పచ్చగానే ఉంటుంది."

కెజియాకు అర్థమైంది. తన పాత సంచి జిప్పు తనే లాగింది. పెళ్ళయ్యాక, కడుపని తెలిశాక మళ్ళీ చూసుకున్న బిళ్ళ అది. గాజు బల్ల మీద ఎండ పడేచోట పెట్టింది. నేను షట్టరు పూర్తిగా పైకి లేపాను. ఎవరో దగ్గు మందు కోసం వస్తే పొమ్మన్నాను. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. ముందు అంచు ఇటుకరంగుకు తిరిగింది. తర్వాత మధ్యలోకి పాకింది.

కెజియా చెయ్యి పొట్ట మీదికి పోయింది. "లోపలోడిక్కూడానా?"

"ఇంకా టైముంది," అంది వసుంధర. "ఈరోజే రక్తం చూపించి మందులు మొదలుపెడితే బిడ్డకు సోకకుండా ఆపొచ్చు. ఆగితే మాత్రం..."

"ఆగితే ఏమైద్దో నాకు తెలుసు," అంది కెజియా. రాహేలు పేరు ఎవరం ఎత్తలేదు. నాకూ కెజియాకూ దాని కొడుకే గుర్తొచ్చాడు.

ఆ సాయంత్రమే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అదే గది. అదే బోర్డు. బెంచీ మీద మా పేట మనిషి ఒకామె నోరు తెరిచి చూసింది. "ఏం పెద్దమ్మా, కొత్తగా చూస్తున్నావా?" అన్నాను. కెజియా బోర్డు కింద తలెత్తి నిలబడింది. రక్తంలోనూ ఉంది. మందులు ఇచ్చారు. తెల్ల కాగితం పొట్లాన్ని చేత్తో పట్టుకుని బయటికి నడిచింది.

*

పార్థసారథి ఫోన్ చేశాడు. వసుంధర నా షాపులో స్టూలు మీద కూర్చుని వింటోంది.

"జకరయ్యగారూ, తొందరపడకండి. బయటికి పొక్కితే అమ్మాయిలు బిళ్ళలే మానేస్తారు. మంచి పని ఆగిపోతుంది. వచ్చే బ్యాచ్‌కి సంచి మారుస్తాం."

"ట్రంకుపెట్టెల్లో ఉన్నవాటి సంగతి?"

"కమిటీ కూర్చోవాలి."

"ఎప్పుడు కూర్చుంటుంది?"

"ఇలాంటివి పద్ధతి ప్రకారం జరగాలండీ. కొన్ని నెలలు..."

"అయితే కడుపుతో ఉన్నవాళ్ళకు చెప్పండి. కమిటీ కూర్చునేదాకా కనొద్దని."

పెట్టేశాను. వసుంధర లేచింది. "హాస్టల్‌కి నేనొస్తాను. నేనే చెప్తాను," అంది. రమ్మనలేదు, వద్దనలేదు.

ఆదివారం మిల్లుకు సెలవు. హాస్టల్ పిల్లలకు, కాలనీ పిల్లలకు వసుంధర ఉన్నదున్నట్టు చెప్పింది. సంచి తప్పు, తన మాట తప్పు, బిళ్ళలు ఎండలో పెట్టాలి. ఎవరూ కదల్లేదు.

"గదుల్లో ఎండ రాదు మేడం. ఒక్క కిటికీకి పదిమందిమి," అంది ఒక పిల్ల.

"డాబా మీద పెట్టండి."

"అందరి ముందా? ఎవరిది ఎర్రబడిందో సాయంత్రానికి ఊరంతా తెలియదూ?"

నిజమే. మళ్ళీ చీకటి, మళ్ళీ ట్రంకుపెట్టె. నా ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోతుంటే కెజియా నన్ను పక్కకు నెట్టింది.

"మన మిల్లులో రంగునూలు తెగిన పోగులు ఎన్ని లేవే? ఎవరికి నచ్చిన పోగు వాళ్ళు తీసుకోండి. బాత్రూంలోకి పోయి బిళ్ళకు చుట్టండి. ముడి మీ ఇష్టం. తెచ్చి బకెట్లో వెయ్యండి. పైన దుప్పటి కప్పి ఉంటది. నేను పోసి ఆరబెడతా. ఎవరి పోగు వాళ్ళకే తెలుసు."

ఒక్కొక్కరే లేచారు. బకెట్ నిండింది. కెజియా డాబా మీద పాత చీర పరిచి బిళ్ళలు గుమ్మరించింది. వంగలేక వంగి, చేత్తో సర్ది పరిచింది. ఎర్రపోగు, నీలంపోగు, రెండు ముడులు, మూడు ముడులు. వార్డెను ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏందే ఇదంతా? వడియాలా?"

"అవును వార్డెనమ్మా, వడియాలే," అంది ఒక పిల్ల. "వేయించిపెట్టమంటావా?"

నవ్వులు. ఆ నవ్వులు చాలాసేపు ఉండలేదు. ఎండ ఎక్కుతున్నకొద్దీ అందరూ పిట్టగోడ నీడకు చేరి నోళ్ళు మూసుకున్నారు. చీర మీద అక్కడొకటి, ఇక్కడొకటి రంగు తిరగడం మొదలైంది. ఎన్ని తిరిగాయో నేను రాయను. ఇంకో పూలసున్నా పక్కన పెట్టి చూపించే అంకె అది కాదు.

ఎవరూ ముందుకు వచ్చి చూసుకోలేదు. దూరం నుంచే చూసుకుని దిగిపోతున్నారు. ఎవరు ఏడ్చారో, ఎందుకు ఏడ్చారో చెప్పలేం, అందరూ ఏడ్చారు.

రాహేలు మాత్రం నడిచి వచ్చింది. చీర మధ్యలోకి వచ్చి కూర్చుంది. పసుపుపోగు చుట్టిన బిళ్ళను అందరూ చూస్తుండగా తీసింది. ఎర్రగా ఉంది. పిల్లాడు కడుపులో ఉండగా నా షాపులో కొన్న బిళ్ళ.

దాన్ని తీసుకుని వసుంధర ముందుకు వెళ్ళింది. అరవలేదు.

"పాలిచ్చా మేడం," అంది. "పచ్చగా ఉందని పాలిచ్చా."

వసుంధర డాబా మీద కూలబడింది. లేపడానికి ఎవరో చెయ్యి ఇచ్చారు. నేను ఇవ్వలేదు.

*

రాహేలు మందులు వాడుతోంది. ఒళ్ళు చేసింది. మొగుణ్ణి వదిలేసింది. మిల్లు మానేసి ఇప్పుడు నా షాపులో పనిచేస్తోంది. దావీదు టీబీ తగ్గింది. కెజియాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే పిల్ల నోట్లో మందు చుక్కలు వేశారు, తర్వాత రక్తం చూశారు, మళ్ళీ చూశారు. సోకలేదు. ఎస్తేరు అని పేరు పెడతానంది. వద్దన్నాను. ఆ పేరు షాపు బోర్డు మీద ఉంది, చాలు.

డాబా సంగతి బయటికి పోయాక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష మళ్ళీ పెట్టారు. తీసేసిందెవరో చెప్పేవాడు లేడు. పార్థసారథికి పై పదవి వచ్చింది. వసుంధర ఉద్యోగం పోయింది. రెండుమూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. క్షమించడానికి నేనెవరిని? క్షమించాల్సినవాడు పాలు తాగే వయసులోనే పోయాడు.

కొత్త బ్యాచ్ వచ్చింది. సంచి ఇప్పుడు గాజులా తేటగా ఉంది. మీద పెద్ద అక్షరాలు: వెలుతురులో ఉంచండి. జిల్లాలో మిగతా షాపులవాళ్ళు ఆ తేట సంచికి పేపరు చుట్టి, నల్ల కవర్లో వేసి ఇస్తున్నారు.

నిన్న పొద్దున ఒక పిల్ల వచ్చింది. చున్నీ మొహానికి చుట్టుకుంది. బల్ల వెనక రాహేలు ఉంది. నేను లోపల పెట్టెలు సర్దుతున్నాను.

"అక్కా, అది... పచ్చది."

రాహేలు తీసి ఇచ్చింది.

"నల్ల కవరు?"

"లేదు."

"పేపరన్నా?"

"లేదు."

"మరెట్టా తీసుకుపోవాల?"

రాహేలు బల్ల వెనకనుంచి బయటికి వచ్చింది. బిళ్ళను అరచేతిలో పెట్టుకుని మెట్టు దిగింది. బస్సు కోసం నిలబడ్డ జనమంతా చూస్తుండగా చెయ్యి ఎండలోకి చాపింది.

"ఇట్టా."